అవతలి నుంచి వచ్చే పేరు

మార్చి 3
ఇవాళంతా ఒక్క పేరుతోనే సరిపోయింది. సోనెట్ అనే ఫైబర్ లైన్‌లో వెళ్లే ప్రతి డేటా ఫ్రేముకీ జె1 అని ఒక బైట్ ఉంటుంది. అవతలి స్టేషన్ అందులో తన పేరును అక్షరం తర్వాత అక్షరం పంపుతూనే ఉంటుంది. అరవై నాలుగు ఫ్రేములకి ఒక పేరు, మళ్లీ మొదలు. ఇవతల మా బాక్స్‌లోని చిప్ ఆ పేరును తనకి చెప్పి ఉంచిన పేరుతో పోల్చుకోవాలి. తేడా వస్తే ఎక్కడో లైన్లు తప్పుగా కలిపారని అర్థం. చిప్‌కి పేరు చెప్పే సాఫ్ట్‌వేర్ నాది. స్క్రీన్ మీద రెండు పేర్లూ ఒక్కలాగే ఉన్నాయి. చిప్ మాత్రం కాదని అలారం ఇస్తోంది.

అవతలి స్టేషన్‌లో మా ఫీల్డ్ టెక్నీషియన్ ఉన్నాడు. ల్యాబ్‌లో అందరం ఆయన్ని బాబాయ్ అంటాం. అక్కడిది వేరే కంపెనీ బాక్స్. తను కొట్టిన పేరును ఫోన్‌లో అక్షరం అక్షరం చదివి వినిపించాడు, మూడుసార్లు. విసుక్కోలేదు. తిన్నావా అమ్మాయ్ అని అడిగి పెట్టేశాడు.

మార్చి 4
అదే అలారం. తల గోడకేసి కొట్టుకోవాలనుంది.

మార్చి 6
దొరికింది. పేరు అయిపోయాక మిగిలిన ఖాళీని వాళ్ల బాక్స్ సున్నాలతో నింపుతోంది. నా కోడ్ మాత్రం చివరి రెండు బైట్లలో లైన్ ముగింపు గుర్తులు పెడుతోంది. అవి మన కంటికి కనపడవు, చిప్‌కి కనపడతాయి. బాబాయ్ కొట్టినదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు.

మేనేజర్‌కి చెప్పాను. సరిచేసి టెస్ట్ చెయ్యడానికి వారం కావాలన్నాను. ఈలోగా, పేరు కలవకపోతే లైన్ కట్ చేసే సెట్టింగ్ బిట్‌ని ఆఫ్‌లో ఉంచమన్నాను. కస్టమర్ అడిగిందే ఆ కట్ అన్నాడు. నువ్వు అన్నిటికీ భయపడతావు, పదో తేదీ రిలీజ్ ఆగదు అన్నాడు.

మార్చి 10
ఆ కట్‌తోనే రిలీజ్ ఆన్ చేశారు, వెంటనే లైన్ పడిపోయింది. అంబులెన్స్ కంట్రోల్ రూమ్ కాల్స్ ఆ లైన్ మీదే వెళ్తాయి. మేనేజర్ ఒప్పుకుని నేను ఆ బిట్ ఆఫ్ చేసేదాకా ఒక్క కాల్ కలవలేదు. ఎవరో ఒకావిడ ఫోన్ చేసి చేసి, చివరికి భర్తను పక్కింటివాళ్ల కారులో వేసుకుని బయల్దేరిందట. దారిలోనే పోయాడట.

ఆఫ్ చెయ్యడానికి పట్టింది ఒక్క కమాండ్.

మార్చి 11
క్యారియర్ మూత తియ్యకుండానే ఇంటికి తెచ్చేశాను.

మార్చి 13
రిపోర్ట్ వచ్చింది. ఫీల్డ్ సిబ్బంది స్టేషన్ పేరు తప్పుగా ఎంటర్ చేశారట. కింద సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ల సంతకం కావాలి. పెట్టనన్నాను. మేనేజర్ గొంతు పెంచలేదు. బాబాయ్ కాంట్రాక్ట్ మనిషి, పోతే ఒక్కడే పోతాడు, మన తప్పని తేలితే ప్రాజెక్టే పోతుంది అన్నాడు. మీ ఆయనకి ఇంకా ఉద్యోగం దొరకలేదు కదా అని కూడా అన్నాడు.

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను. పాపకి జడ వేస్తూ విన్నాడు. జడ పూర్తిచేసి, విప్పి, మళ్లీ వేశాడు. పెట్టేయ్ అన్నాడు, నా మొహం చూడకుండా.

మార్చి 14
పెట్టాను.

మార్చి 17
బాబాయ్‌ని తీసేశారు. సామాను అప్పజెప్పడానికి ఇవాళ స్టేషన్‌కి వెళ్లాడట. అక్కడి నంబర్ నుంచి నాకు ఫోన్ చేశాడు. బల్ల మీద అది మోగుతూనే ఉంది. నేను ఎత్తలేదు. ఆయన తిడతాడని కాదు, తిట్టడని.

మార్చి 20
అలారం ఎవరి కంటా పడకూడదని మేనేజర్ పేర్లు పోల్చడమే ఆపించాడు. ఇప్పుడు అవతలి నుంచి ఏ పేరొచ్చినా అడిగేవాళ్లు లేరు. ఇవాళ ఊరికే జె1 బఫర్ తెరిచి, చిప్‌కి ఏమందుతోందో చూశాను. స్టేషన్ పేరు లేదు. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టిన తెలుగు ఉంది.

అమ్మాయ్ నేను తప్పు కొట్టలేదు

మళ్లీ చదివాను. మళ్లీ అదే. ఆయన స్టేషన్‌కి వెళ్లినప్పటి నుంచి రాత్రీ పగలూ, మూడు రోజులుగా అదే వస్తోంది. నేను బాత్రూమ్‌లోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను.

మార్చి 21
చిప్ ఎదురుచూడాల్సిన పేరు మార్చాను. ఆయన వాక్యమే పెట్టాను, చివరి సున్నాలతో సహా. పోల్చడం ఆన్. కట్ ఆఫ్. ఇక అవతల ఆ వాక్యాన్ని ఎవరు చెరిపినా ల్యాబ్‌లో ఎర్రలైటు వెలుగుతుంది, ఏం చెరిగిందని నన్నే అడగాలి.

పేరు కలిసింది.