రబ్బరు సుత్తి

నూజివీడు,
మే 1964

వదినా,

బెజవాడ డాక్టరుగారు తన రబ్బరు సుత్తి తిరిగి అడుగుతున్నారని మీరు రాశారు. పక్షవాతంతో బిగుసుకుపోయిన మీ అన్నయ్యగారి కాలికి ఆయన చెప్పినట్టే చేస్తున్నాను. రోజూ మోకాలి కింద సుత్తితో నేను మెల్లగా కొట్టాలి, కాలు ఎగరకుండా ఈయన ఆపుకోవాలి. అది అలవాటైతే నడక కుదురుతుందన్నారు కదా. మొదట్లో కాలు ఎగిరి నాకే తగిలేది. పెళ్ళయినప్పటి నుంచీ నన్ను కసరడమే తెలిసిన మనిషి, తగిలినప్పుడల్లా నా భుజం తాకి కళ్ళకద్దుకునేవారు.

నిన్న కర్ర పట్టుకుని చిన్నరసాల చెట్టుదాకా నడిచి, తోట కాపలావాణ్ణి కేకలేసి మరీ వచ్చారు. ఇవాళ కాలు అసలు ఎగరలేదు. అయినా అలవాటుగా నా భుజం తాకి కళ్ళకద్దుకున్నారు. తగల్లేదని నేను చెప్పలేదు.

సుత్తితో ఇంకొన్నాళ్ళు పనుందని డాక్టరుగారికి చెప్పండి.

మీ ఆడపడుచు