తేటపడిన గుమ్మడి బీరు

తమ్ముడూ,

నువ్వు ఇంట్లో పులియబెట్టిన గుమ్మడి బీరు తేటపడింది. సీసా వెనక అగ్గిపెట్టె పెట్టి చూస్తే దాని మీద అక్షరాలు కూడా కనపడ్డాయి. మడ్డంతా అడుగుకు దిగి అంటుకుపోయింది. "గుమ్మడి గుజ్జు అంత తొందరగా దిగదక్కా, కదపకుండా ఉంచు" అన్నావు కదా. ఆ మిగిలిన ఒక్క సీసానీ ఏడాదిగా ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఓపిక నీకు లేదు గానీ నీ బీరుకుంది.

ఇవాళ నీ సంవత్సరీకం. నీ ఫోటో ముందు గారెలు, కోడికూర పెట్టి, సీసా నాన్న చేతికిచ్చాను. మెల్లగా వంచమని చెప్పేలోపే, దగ్గుమందు తాగే అలవాటుకొద్దీ, బాగా ఊపేశారు. గ్లాసులో మళ్ళీ అదే మడ్డినీళ్ళు.

ఆ రోజు నీ స్నేహితుడు శ్రీను చూసి, "కుడితిలా ఉందిరా, గేదెకి పట్టు" అని నవ్విన రంగే. ఆ నవ్వుకే కదా, మంచి సరుకు తెస్తానని బండి తీసి యానాం బయల్దేరావు. వంతెన మీద లారీ గుద్దేసింది.

శ్రీను కూడా వచ్చాడు. నీకు పెట్టిన గ్లాసు తీసి నాన్న అతనికే ఇచ్చారు. అడుగున మడ్డి కూడా మిగల్చకుండా తాగాడు.

"ఎలా ఉందిరా?" అన్నారు నాన్న.

"బాగుందండి."

నాన్న ఖాళీ గ్లాసు అందుకుని, కడగడానికి వెళ్తూ గుమ్మంలో ఆగారు.

"మరి వాణ్ణి యానాం ఎందుకు వెళ్ళనిచ్చావురా?"