నీ ముప్పై ఏళ్ల కవిత్వం

అన్నా,

నువ్వు ముప్పై ఏళ్లపాటు రాసిన కవితల్లోంచి ఏర్చి కూర్చిన పుస్తకాన్ని ఇవాళ చెన్నూరులో ఆవిష్కరించాం. గోదావరి ఇసుక దొంగల మీద రాసిన కవితకు నిన్ను కొట్టి చంపిన వాళ్లే సభలోకి కర్రలతో వచ్చారు. పుస్తకాలు చించారు. ఆ కవితే చదువుతున్న నన్ను ఆపమన్నారు. నేను ఆపలేదు. కర్ర దెబ్బకు నా నుదురు పగిలి, రక్తం కళ్లలోకి కారింది.

అవ్వ నాకు అడ్డం నిలబడి, "కొడుకును చంపిన్రు. బిడ్డను గూడ చంపుతరా? ముందు నన్ను కొట్టున్రి" అంది. అప్పుడు జనమంతా లేచి వాళ్లను తరిమారు.

ఆస్పత్రిలో నాకు కుట్లు వేస్తుంటే అవ్వ అడిగింది.

"గా కవిత అయిపోయిందా బిడ్డా?"

"ఆఖరి చరణం ఉన్నదవ్వా."

"చదువు. వింట."

నుదుట్లో సూది దిగుతుండగానే చదివాను, అన్నా.

నీ చెల్లె