ఉందనీ చెప్పను, లేదనీ చెప్పను

ఒంగోలు,
ఆగస్టు 4

నా జైనాబీకి, నీ మల్లేశ్వరి ప్రేమతో రాసేది.

ఎట్లా ఉన్నావే? నిన్న పచ్చడికి మిరపకాయల తొడిమలు తీస్తుంటే నువ్వే గుర్తొచ్చావు. గుంటూరు కోల్డ్ స్టోరేజీ షెడ్డులో పక్కపక్కనే కూచుని, మండే చేతులకి కొబ్బరినూనె రాసుకుంటూ, మేస్త్రీని తిట్టుకుంటూ ఎంత నవ్వేవాళ్ళమే! నీ గోంగూర నాకు, నా పెరుగన్నం నీకు.

అసలు సంగతి. మా కోడలు తేజశ్రీ చంటిదాన్నెత్తుకుని వారం క్రితం ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. పుట్టింట్లో లేదు. మా అబ్బాయి వీరబాబు లారీ పని మానేసి వెతుకుతున్నాడు. నువ్వు పనిచేసే నల్లపాడు ఆడవాళ్ళ హోములో గానీ ఉందా? ఉంటే ఒక్క ముక్క రాయి. ఫోన్ చెయ్యకు, నా ఫోన్ అబ్బాయి దగ్గరుంది.

నీ మల్లి

నల్లపాడు,
ఆగస్టు 9

మల్లీ, నా తల్లీ,

నీ ఉత్తరం చూడగానే ప్రాణం లేచొచ్చింది. చదివాక నీరుగారిపోయాను. మా హోములో ఎవరున్నారో మేం బయటెవరికీ చెప్పమే. కన్నతల్లి అడిగినా అంతే. తేజశ్రీ ఉందనీ చెప్పను, లేదనీ చెప్పను.

నువ్వు ఇల్లు వదిలొచ్చేస్తే మీ ఆయన కర్ర పుచ్చుకుని నీకోసం షెడ్డుకొచ్చిన రోజు గుర్తుందా? ఘాటుకి అందరం మొహాలకి తువ్వాళ్ళు చుట్టుకున్నాం, కళ్ళు తప్ప ఏమీ కనపడవు. వరసంతా తిరిగాడు. సరిగ్గా నీ పక్కకొచ్చేసరికి తుమ్మావు. నీ తుమ్ము ఆయనకి తెలీదా! వెంటనే నేను తుమ్మాను, నాగజ్యోతి తుమ్మింది, ఆ వెనక నలభైమందిమీ తుమ్మాం. ఏ తుమ్ము ఎవరిదో తేలక కళ్ళు నులుముకుంటూ పోయాడు. అబ్బ, ఇప్పటికీ కడుపుబ్బ నవ్వొస్తుంది. మూడో రోజు, పిల్లాడు ఏడుస్తున్నాడని నువ్వే మళ్ళీ ఆ ఇంటికెళ్ళావు. నేను ఆపలేకపోయాను.

నీ జైనాబీ

ఒంగోలు,
ఆగస్టు 14

జైనాబీ,

ఒక క్యారేజీలో తిన్నదాన్ని, నాకే రూల్సు చెప్తావా? నా మనవరాలు ఎక్కడుందో నాకు తెలియక్కర్లేదా? ఇంత రాతిగుండెదానివని అనుకోలేదు. ఈసారి కూడా చెప్పకపోతే మన స్నేహం ఇంతటితో సరి.

మల్లేశ్వరి

నల్లపాడు,
ఆగస్టు 18

మల్లీ,

తిట్టుకో, పడతాను. ఇక్కడికొచ్చిన ఆడపిల్లలు గేటు చప్పుడైతే చాలు ఉలిక్కిపడతారు. వాళ్ళు అన్నం సయించి తినడానికే పదిరోజులు పడుతుంది. నువ్వు మాట్లాడకపోతే కూచుని ఏడుస్తాను. అయినా చెప్పను.

ఎప్పటికీ నీ జైనాబీ

ఒంగోలు,
ఆగస్టు 23

నా బంగారు జైనాబీకి,

నన్ను క్షమించు. ఆ రెండు ఉత్తరాలూ వీరబాబు నా పక్కన కూచుని రాయించినవి. మధ్యలో పాత కబుర్లు కలిపితే విసుక్కున్నాడు కూడా. నీ జవాబులు వాడే కవరు చించి చదివాడు. ఇవాళ మళ్ళీ లారీ ఎక్కి దాచేపల్లికి సిమెంటు లోడుకెళ్ళాడు కాబట్టి ఇది నా అంతట నేను రాస్తున్నాను.

తేజశ్రీకి మీ హోము సంగతి చెప్పి బస్సెక్కించింది నేనే. నువ్వెక్కడ నోరు జారతావోనని పదిహేను రోజులు నిద్ర లేదు. జారలేదు. నీ కాళ్ళకి దణ్ణమే.

నీ రెండో జవాబు చదివి, ఆ కోపమంతా వాడు నా మీద తీర్చుకున్నాడు. ఎడమ చెయ్యి విరిగింది. ఆసుపత్రి వాళ్ళకి మెట్ల మీద జారానని చెప్పాను. వాళ్ళ నాన్న కొట్టినప్పుడూ అదే చెప్పేదాన్ని. ఏ పిల్లాడి కోసం ఆనాడు వెనక్కి పోయానో, వాడేనే వీడు.

జవాబు రాయకు. శుక్రవారం పొద్దున రైల్లో నల్లపాడులో దిగుతాను, నువ్వు స్టేషనుకి రా. ఒక్క పని చేసిపెట్టు. తేజశ్రీ అక్కడుంటే ముందు తనని అడుగు. వాడు దాన్ని కొడుతుంటే రెండేళ్ళపాటు నేను వంటింట్లో కూచుని టీవీ సౌండు పెంచాను. ఆ సంగతి దానికి తెలుసు. అత్త వస్తే వద్దంటుందేమో. వద్దంటే నన్ను గేటు దాకా కూడా తీసుకెళ్ళకు, ఇంకెక్కడైనా చోటు చూపించు. నేనేమీ అనుకోను.

మల్లి