చంకలో గ్రంథం

బాబాయికి నమస్కారం.
ఫోన్లో నువ్వు ‘ఊఁ’ తప్ప ఇంకో ముక్క అనవు కాబట్టి రాస్తున్నాను. పిన్ని మా ఇంట్లో కులాసాగానే ఉంది. రొమ్ములో గడ్డ మాత్రం క్యాన్సరే అన్నారు. చంకలో గ్రంథులకు పాకిందా లేదా అన్నది తేలాలి. వైద్యం దాన్నిబట్టే. రేపు మా ఆసుపత్రిలో, నేను పనిచేసే స్కానింగ్ గదిలోనే చూస్తాం.
నీ అమ్మడు

అమ్మడికి ఆశీస్సులు.
ఉత్తరం అందింది. మీ పిన్ని చంకలో ఎప్పుడూ ఓ నవల ఉంటుందని అక్కడి డాక్టర్లకెలా తెలిసింది? జబ్బు పుస్తకాలకు కూడా పాకుతుందని నేనెరగను. బీరువాలోవన్నీ ఎండలో వేశాను. లైబ్రరీ పుస్తకాన్ని పట్టకారుతో పట్టుకెళ్లి బల్లమీద పెట్టాను. లైబ్రరీ ఆయన నోరు తెరిచాడు. నేను తెరవలేదు.
మీ బాబాయి
తా.క.: ఆవిడ వెళ్లినప్పటినుంచీ ఆవిడ నవల నా దిండు కిందే ఉంది. నన్నూ చూస్తారా?

బాబాయికి నమస్కారం.
స్కాన్‌లో ఒక గ్రంథి వాచి గుండ్రంగా కనిపించింది. దాని మధ్యలో ఉండాల్సిన కొవ్వు లేదు. అది మంచి గుర్తు కాదు. సూదితో ముక్క తీసి పరీక్షకు పంపాం.
నీ ఉత్తరం చదివి పిన్ని పక్కలు పట్టుకుని నవ్వింది. గడ్డ సంగతి తెలిశాక నవ్వడం ఇదే మొదటిసారి.
నీ అమ్మడు
తా.క.: పుస్తకాలు ఎండలోనే ఉంచమంది.

అమ్మడికి ఆశీస్సులు.
వాచిన గ్రంథం దొరికింది. వంటింట్లో తడిసి ఇంత లావయింది. నేనూ సూది గుచ్చాను. అట్ట ఊడింది. లోపల కొవ్వు లేదన్నావు. అదంతా రాసినాయనకే ఉండి ఉంటుంది.
మీ బాబాయి
తా.క.: నవ్విందా? అదొక్కటీ తప్పక రాయి.

బాబాయికి నమస్కారం.
నవ్వింది. కానీ ఫలితం వచ్చింది. ఆ గ్రంథిలో క్యాన్సర్ ఉంది. ఒళ్లంతా స్కాన్ తీశాం, ఇంకెక్కడా లేదు. ముందు మందులు, తర్వాత ఆపరేషన్. నయమవుతుందనే పెద్ద డాక్టరుగారి ఆశ.
ఇక దాచలేను. గ్రంథులంటే పుస్తకాలు కావు, ఒంట్లో ఉండే చిన్న గింజల్లాంటివి. పిన్నే చెప్పనివ్వలేదు. “ఆయన్ని పుస్తకాలు మొయ్యనీవే, ఏడవడానికి తీరికుండదు” అంది.
నీ అమ్మడు

అమ్మడికి ఆశీస్సులు.
పాకిందని చదివి దిండు కింది నవల సంచిలో పెట్టాను.
మొదటి ఉత్తరం నాటికి నాకు నిజంగానే తెలియదు. పట్టకారూ నిజమే. తర్వాత లైబ్రరీ ఆయన ఇంటికొచ్చి, నీ ఉత్తరం చూసి, గ్రంథులంటే ఏమిటో చెప్పాడు. సిగ్గుతో చచ్చాను. ఇంతలో ఆవిడ నవ్విందని రాశావు. అందుకని రెండో ఉత్తరం కూర్చుని కల్పించాను. సూదీ లేదు, అట్టా ఊడలేదు.
ఈ సంగతి మీ పిన్నికి చెప్పకు. రేపటి బండికి వస్తున్నాను.
మీ బాబాయి
తా.క.: మందులు ఎన్నాళ్లో రాయలేదు. అన్నాళ్లకూ సరిపడా తెలివితక్కువ పనులు ఆలోచించుకోవాలి.