పలక లేపిన బొడిపె

ముద్దుల చెల్లికి,

అక్క రాసేదేమంటే, నేను బాగానే ఉన్నాను, నా తల మాత్రం ఆసుపత్రికి వెళ్లొచ్చింది. నీకు ఐదేళ్లప్పుడు నువ్వు పలక విసిరి లేపిన బొడిపె ఇప్పుడు రేగిపండంత అయింది. దువ్వెన తగిలితే ప్రాణం పోతోంది. డాక్టరు గారు స్కానింగ్ తీయించి, ఎప్పుడైనా దెబ్బ తగిలిందా అని అడిగారు. నీ పలక సంగతి పూసగుచ్చినట్టు చెప్పాను. ఆయన నవ్వి, "ఏ పలకా ఇలాంటిది లేపలేదమ్మా. మీరు పుట్టకముందే తయారైన తిత్తి ఇది. చాలామంది పెద్దయ్యాకే చూపించుకుంటారు. ప్రమాదం లేదు, తీసేద్దాం" అన్నారు. వచ్చేవారమే ఆపరేషన్. సెలవు పెట్టి రా.

నీ అక్క

తా.క. దాని లోపల వెంట్రుకలు కూడా ఉంటాయట. నాకు తెలియకుండా నా తలలో ఇంకో జుట్టు.

అక్కకు,

నీ ఉత్తరం క్లాసులో, పిల్లలు లెక్కలు చేస్తుండగా చదివాను. అప్పటికే కుర్చీలో ఉన్నాను కాబట్టి కూలబడలేదు.

నలభై రెండేళ్లుగా ఆ బొడిపె నా పాపమే అనుకున్నాను. ఆ పలక రోజు తర్వాత అమ్మ నిన్ను ముందు కూర్చోబెట్టుకుని, బొడిపెకు తగలకుండా నెమ్మదిగా జడ వేసేది. నా జడ నేనే వేసుకునేదాన్ని. అదెప్పుడూ ఒక చెవి వైపు ఒరిగేది. కిటికీ పక్క మంచం నీకు. ఎర్ర రిబ్బన్లు నీకు. పోయేముందు కుట్టుమిషన్ కూడా, "తలనొప్పి మనిషి, ఇంట్లో కూర్చుని కుట్టుకుంటుంది" అని నీకే ఇచ్చింది. నేను నోరెత్తలేదు. కానీ నాకు కుళ్లుగా ఉండేదక్కా. ఇప్పటికీ ఉంది. మిషన్ పంపించు.

ఏ పాపం ఎరగని చెల్లెలు

తా.క. ఆ లోపలి వెంట్రుకల్నైనా అమ్మ దువ్వలేదు. నాకు అదొక్కటే ఊరట.

టీచరమ్మకు,

తోడు రమ్మంటే మిషన్ ఇమ్మంటావా. దానిమీదే నా ఇల్లు గడుస్తోంది. నీకు సూదిలో దారం ఎక్కించడానికే మా మరిది కావాలి. జడ సంగతి ఎత్తావు కాబట్టి అడుగుతున్నాను. అంతకుముందు ఐదేళ్లు అమ్మ ఒళ్లో ఎవరున్నారు? నేను వెళ్లి ఆనుకుంటే "పెద్దదానివి, అటు జరుగు" అనేది. ఆ పెద్దదానికి అప్పటికి ఎనిమిదేళ్లయినా నిండలేదు. కుళ్లు నీ ఒక్కదాని సొత్తు కాదు.

అక్క

తా.క. మరిదిగారి కొత్త పాంటు ఒక కాలు కుట్టాను. రెండోది మన గొడవ తేలాక.

దర్జీ గారికి,

మీ మరిది పాత పాంటుతోనే ఆఫీసుకు వెళ్తున్నారు. దానికి రెండు కాళ్లున్నాయి.

రెండు రోజులుగా ఒకటే ఆలోచన. పుట్టినప్పటినుంచి నీకు నీళ్లు పోసింది అమ్మే కదా. ఆ బొడిపె అమ్మ చేతికి తగలకుండా ఉంటుందా? తెలిసి కూడా నన్నెందుకు దోషిని చేసింది? నేనంటే అంత ఇష్టం లేదా? ఇది రాస్తుంటే ఏడుపొస్తోంది. జవాబు తెలిసేదాకా నేను రాను.

చెల్లెలు

తా.క. సెలవు చీటీ రాసి చింపేశాను. మళ్లీ రాశాను. ఇంకా ఇవ్వలేదు.

చెల్లీ,

బొడిపె తీసేశారు. ఎనిమిది కుట్లు. ఇక దాచడానికేమీ లేదు.

అమ్మకు తెలుసు. నాకూ తెలుసు. పలక రోజుకు వారం ముందు నా తలకు నీళ్లు పోస్తూ, "ఇది నీకు పుట్టినప్పటినుంచీ ఉందే" అని అమ్మే చెప్పింది. నీ పలక నా తలకు తగలనే లేదు. భుజం పక్కనుంచి పోయి గోడకు తగిలి పగిలింది. అమ్మ పరుగెత్తుకొచ్చి ఎక్కడే దెబ్బ అని అడిగితే, ఆ చెయ్యి పట్టుకుని బొడిపె మీద పెట్టుకున్నాను. అది పాతదేనని అమ్మకు తెలియదా? నా మొహం వంక చూసింది. చెయ్యి మాత్రం తీయలేదు. మర్నాటినుంచి జడ వేసింది. నువ్వంటే ఇష్టం లేక కాదు, నేను దగ్గరికి రావడానికి సాకు వెతుక్కుంటున్నానని కనిపెట్టింది.

పోయేముందు "చిన్నదానికి చెప్పెయ్యవే" అంది. చెబితే నువ్వు రావడం మానేస్తావని భయపడ్డాను. పాపం చేశాననుకునే కదా నాకు జ్వరమొచ్చినా పరుగెత్తుకొచ్చేదానివి.

మిషన్ దుప్పటిలో చుట్టి ఉంచాను. వచ్చి తీసుకుపో.

అసలు దోషి, నీ అక్క

తా.క. మరిదిగారి పాంటు రెండో కాలు కుట్టాకే మిషన్ చుట్టాను.

ఇంకో తా.క. కుట్లెక్కడున్నాయో కనబడక జడ వేసుకోలేకపోతున్నాను. నెమ్మదిగా వేసే చెయ్యి కావాలి. చెవి వైపు ఒరిగినా ఫరవాలేదు. పలక మాత్రం తేకు.