గోడకి ఇవతలొకటి, అవతలొకటి

చిరంజీవి బామ్మర్దికి,

మీ బావ దీవించి, స్వహస్తాలతో రాసేది. ఇంట్లో అందరం కులాసా, సోఫా తప్ప.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోనులో నువ్వు నవ్వితే నాకు వినబడుతుంది. కాగితమైతే నీ నవ్వు నీ దగ్గరే ఉంటుంది.

సంగతేమిటంటే, మన కార్ల షెడ్డు పైన రేకులు కాలి పెనమైపోయాయి. మధ్యాహ్నమయ్యేసరికి రంగుల మేస్త్రి, అదే మన నిదానం మేస్త్రి, తన బలగంతో సహా మధ్యతలుపు తోసుకుని మా హాల్లోకి వచ్చేస్తున్నాడు. షెడ్డుకీ హాలుకీ ఒకటే గోడ పెట్టడం ఈ ఇల్లు కట్టినవాడి తెలివి. ఫ్యాను కింద సోఫాలో పడుకుని, రంగు ఆరాలి కదా సార్ అంటాడు. రంగు ఎప్పుడో ఆరింది. ఆరనిది ఆయనే. నిన్న ఒక బంపరు కూడా హాల్లోకొచ్చి పడుకుంది.

"హాల్లో వాళ్లుండాలి, లేదా నేనుండాలి," అని మీ అక్క తెగేసి చెప్పింది. షెడ్డులో ఏసీ పెట్టించకపోతే ఎదురు షెడ్డుకి పోతానని మేస్త్రి ఆవిడకంటే ముందే తెగేశాడు. కాబట్టి ఏసీ కావాలి. చదువుకున్నవాడివి, మంచిది ఏరి చెప్పు. మనమే బిగించుకునే రకం అయ్యుండాలి. ఊరందరి ఇంజన్లూ విప్పి బిగించేవాణ్ని, గోడకి డబ్బా తగిలించడానికి ఇంకొకణ్ని పిలిస్తే నా బోర్డు దించుకోవాల్సిందే.

షెడ్డు కొలత: నాలుగు కార్లు, ఆపైన మేస్త్రి కాళ్లు చాపుకునేంత జాగా.

ఇట్లు,
మీ బావ

తా.క. (అక్క చేతిరాత): తమ్ముడూ, సోఫా మీద మనిషి ఆకారంలో వెండిరంగు ముద్ర పడింది. తుడిస్తే పోవడం లేదు. వచ్చిన చుట్టాలు ఆయనెవరని అడుగుతున్నారు.

*

మహారాజశ్రీ షెడ్డాధీశులైన బావగారి గ్రీజు పాదాలకు,

బామ్మర్ది దూరంగా నిలబడి నమస్కరించి విన్నవించునది.

తమ కొలతని అడుగుల్లోకి దించడానికి ఒక పూట పట్టింది. ఏ కారో సెలవివ్వలేదు కనుక మధ్యరకం కార్లనుకున్నాను. మేస్త్రిగారిని చాపిన కాళ్లతో సహా ఆరడుగులుగా స్వీకరించాను.

చదువు పక్కనపెట్టి ఏసీలు చదివాను. కొన్నవాళ్లు రాసిన రివ్యూలన్నీ చూశాను. బిగించినప్పటినుంచి మా గ్యారేజీ స్వర్గమని ఒకాయన, అదే మిషను కొని నరకమని ఇంకొకాయన. ఒకావిడ మాత్రం, పెట్టె ఇంకా విప్పలేదు, అట్ట గట్టిగా ఉంది అని ఐదు స్టార్లూ ఇచ్చేసింది. అంతమందిలో అబద్ధమాడనిది ఆవిడేనని తోచి ఆ మిషన్నే ఖాయం చేశాను.

అది రెండు టన్నులది. అంతకంటే చిన్నదైతే రేకుల కింద రొప్పుతూ చస్తుంది. మరీ పెద్దదైతే గబుక్కున చల్లబరిచి ఆగిపోయి గాలిలో తేమని అలాగే వదిలేస్తుంది, రంగు పనికి తేమ చేటు. గొట్టాల్లో గ్యాసు కంపెనీవాళ్లే నింపి పంపుతారు. పొడుగయ్యాయని కొయ్యకండి, పొట్టయ్యాయని అతకకండి. తమ చేతులకి ఆ రెండు అలవాట్లూ ఉన్నాయి.

డబ్బాలు రెండు. గోడకి ఇవతలొకటి, అవతలొకటి. ఏది ఎటో పుస్తకంలో బొమ్మ ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, బిగించాక తలుపులు మూసే ఉంచాలి. షట్టరుకి పరదా, మధ్యతలుపుకి గడియ. లేకపోతే చల్లదనమంతా పారిపోతుంది.

ఇట్లు,
భవిష్యత్తులో ఇంజనీరు, వర్తమానంలో తమ బామ్మర్ది

తా.క.: పుస్తకం చదవడం నామర్దా అనుకుంటే అక్క చేత చదివించుకోండి. మీరు విన్నట్టు ఎవరికీ తెలియదు.

*

చిరంజీవి కాబోయే ఇంజనీరుకి,

బిగించేశాం. గోడకి ఇవతలొకటి, అవతలొకటి, నువ్వు చెప్పినట్టే. ఏది ఎటో నేనే తేల్చాను. మీ అక్క పుస్తకంలో బొమ్మని తిప్పితిప్పి చూసి, "మీరన్నదే కరెక్టండీ," అంది. పెళ్లయ్యాక ఈ మాట ఆవిడ నోట వినడం ఇదే మొదలు. మేస్త్రి కూడా మారుమాట్లాడకుండా నిమిషంలో గోడకి కన్నం కొట్టాడు. నిమిషంలో ఆయన చేసిన పని ఇంకోటి నాకు గుర్తులేదు. అంతా అయ్యాక నాలుగు బోల్టులు మిగిలాయి. కంపెనీవాళ్ల పెద్దమనసు.

అయితే షెడ్డు చల్లబడలేదు. మిషను ఎద్దులా బుసకొడుతోంది, గాలి రయ్యిన వస్తోంది. వస్తున్నది మాత్రం కొలిమి గాలి. ఇంజనైనా ముందు వేడెక్కాకే కదా దారిలో పడేదని మేస్త్రికి సర్దిచెప్పాను. ఇంకా వేడెక్కుతూనే ఉంది. మధ్యతలుపుకి గడియ కూడా పడింది, మీ అక్కే అవతలినుంచి పెట్టింది. నీ చదువుని నమ్మినందుకు మాకీ శాస్తి. మా మేస్త్రిలాంటి మంచివాడు మలమల మాడిపోతుంటే చూడలేకపోతున్నాను. దీనికి జవాబు చెప్పు.

ఇట్లు,
చెమటలో తడిసిన మీ బావ

తా.క. (అక్క చేతిరాత): బాధపడకు తమ్ముడూ. కొత్త మిషను కదా, నిదానంగా చూద్దాం. వచ్చేటప్పుడు నాకో శాలువా పట్రా. మందంగా ఉండాలి.

*

ఉడుకుతున్న బావగారి సన్నిధికి,

తమ ఉత్తరం చదివి తలదించుకున్నాను. దించిన తలతోనే ఆలోచించాను. నా ఎంపిక తప్పయితే నా చదువు తప్పు. నా చదువు తప్పయితే కాలేజీ తప్పు. అంత పెద్ద సంస్థకి మచ్చ తేవడం ఎందుకని, తప్పు కంపెనీదేనని తేల్చి వాళ్లకి ఘాటుగా ఫిర్యాదు రాశాను. అందులో మేస్త్రిగారి చెమట గురించే ఒక పేరా ఉంది. రాస్తుంటే నాకే కళ్లు చెమర్చాయి.

శుభవార్త: వాళ్లు దిగొచ్చారు. సోమవారం పొద్దున్నే మనిషి పనిముట్లతో వస్తాడు. బిగింపులో లోపముంటే మొత్తం విప్పి సరిచేసి, షెడ్డుని మంచుకొండ చేసిగానీ కదలడు. పైసా ఖర్చు లేదు. ఇక మేస్త్రిగారు నవ్వుతూ పనిచేసుకోవచ్చు.

ఇట్లు,
మీ కష్టం చూడలేని బామ్మర్ది

తా.క.: ఇంత ఎండలో అక్కకి శాలువా ఎందుకు? జ్వరమా?

*

తమ్ముడికి అక్క ఆశీస్సులు. కుశలప్రశ్నలు తర్వాత. ముందు ఆ మనిషిని ఆపు.

పుస్తకంలో బొమ్మ బాగానే ఉంది. ఫ్యాను ఉన్న పెద్ద డబ్బా వేడిని ఊదేది. తెల్లటి పొడుగు డబ్బా చల్లగాలి ఇచ్చేది. మీ బావేమో షెడ్డు పెద్దది కాబట్టి పెద్ద డబ్బా షెడ్డులోకే రావాలన్నారు. మీరన్నదే కరెక్టన్నాను. మరి రెండోది గోడకి అవతలే కదా ఉండాలి? అవతలున్నది నా హాలు. తలుపుకి గడియ పెట్టమన్నది నువ్వే. ఇప్పుడు హాలు నాది, సోఫా నాది, చలి నాది.

అయ్యో అనకు. వేడికి రంగు ఇట్టే ఆరుతోంది. మేస్త్రివాళ్లు మధ్యాహ్నానికల్లా పని ముగించుకుని ఇళ్లకి పోతున్నారు. మీ బావకి మాత్రం ఇదంతా తెలియదు. హాలు ఎందుకింత చల్లగా ఉందని అడిగితే, షెడ్డుకి పోవాల్సిన చలి కన్నంలోంచి ఇటు కారుతోందని చెప్పాను. పాపం, నమ్మారు.

ఇట్లు,
మీ అక్క

తా.క. (బావ చేతిరాత): కవరు అంటించమని మీ అక్క నాకిచ్చింది. రేడియేటర్లు చూస్తూ జుట్టు నెరిసినవాణ్ని, వేడి ఊదే డబ్బా ఏదో నాకు తెలియదట్రా? షెడ్డు చల్లబడితే మేస్త్రి అక్కడే పక్కేస్తాడు. షెడ్డు వదిలి నా హాల్లో ఏసీ పెట్టుకుంటే ఎదురు షెడ్డుకి పోతాడు. అందుకే కోపంగా నీకు ఆ ఉత్తరం రాసి, మేస్త్రి ముందు పైకి చదివి మరీ కవరులో పెట్టాను. ఫోనులో అంత బాగా కుదరదు. మధ్యాహ్నం హాల్లో నిద్ర హాయిగా పడుతోంది. మీ అక్క గెలిచిందనే అనుకోనీ. ఆ మనిషిని ఆపు, మేస్త్రి చెవిన పడనివ్వకు.

ఇంకో తా.క. (వెండిరంగు వేలిముద్రలతో): బాబూ, నేను మేస్త్రిని. పోస్టులో వెయ్యమని సారు నాకిచ్చారు. జిగురు ఇంకా తడిగానే ఉంది. ఏసీ అడిగింది నేనే, కానీ సంగతి తర్వాత తెలిసింది: ఎదురు షెడ్డులో ఏసీ ఉంది, అందుకే అక్కడ దీపాలు పెట్టేదాకా పని. ఇక్కడ వేడి ఉన్నంతకాలం మధ్యాహ్నానికి ఇల్లు, జీతం రోజు మొత్తానిది. కన్నం అంత తొందరగా కొట్టింది ఇందుకే. సారు ఆ ఉత్తరం చదువుతుంటే మేమంతా చెమట తుడుచుకుని బాధపడ్డాం, ఆయన అంత కష్టపడి రాశారు కదా. అమ్మగారికీ సారుకీ చెప్పకండి, సంతోషంగా ఉన్నారు. ఆ కంపెనీ మనిషి వచ్చాడంటే మాత్రం షెడ్డు చల్లబరిచి అందరి కొంపా ముంచుతాడు. మీరు పెద్ద చదువు చదువుతున్నారట కదా, అందులో వాణ్ని ఆపే చదువేమైనా ఉందేమో చూడండి.